మారుపేర్లు పుట్టిన ఊళ్ళు

పిల్లలూ! మీ ఇంట్లో ఎవరైనా పొద్దెక్కినా లేవకపోతే మీ మామ్మగారు ఏమంటారు? "లేవరా, కుంభకర్ణుడా!" అంటారు. అక్కడి మాట ఇక్కడా, ఇక్కడి మాట అక్కడా చేరవేసేవాణ్ణి "నారదుడు" అంటారు. పక్కన చేరి చెడ్డ సలహాలు చెప్పేవాణ్ణి "శకుని" అంటారు. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చేవాణ్ణి "దానకర్ణుడు" అంటారు. మాటల గారడీతో పబ్బం గడుపుకొనేవాణ్ణి "గిరీశం" అంటారు. ఈ గిరీశం పురాణంలోని వాడు కాడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నాటకంలోని వాడు. ఆ నాటకం మొదటిసారి విజయనగరంలో 1892లో ఆడారు.

ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. "వాడు చాలాసేపు నిద్రపోతాడు, ఎంత లేపినా లేవడు, చెవి దగ్గర డప్పు కొట్టినా కదలడు" అని మూడు వాక్యాలు చెప్పనక్కరలేదు. "కుంభకర్ణుడు" అన్న ఒక్క మాట చాలు. కాని ఒక షరతు: వినేవాడికి కూడా ఆ కథ తెలిసి ఉండాలి. కథ తెలియనివాడికి అది ఉత్త శబ్దమే. అంటే, ఒకే కథ విని పెరిగినవారికి మాత్రమే అర్థమయ్యే సంకేతాలు ఈ పేర్లు.

ఈ అలవాటు మన ఒక్కరిదే అనుకోకండి. ఇంగ్లీషువారు పిసినారిని "స్క్రూజ్" అంటారు. 1843లో చార్లెస్ డికెన్స్ వ్రాసిన క్రిస్మస్ కథలో ముసలి వ్యాపారి పేరు అది. చిన్న ఆనవాలు పట్టుకొని పెద్ద రహస్యం కనిపెట్టేవాణ్ణి "షెర్లాక్ హోమ్స్" అంటారు. స్పెయిన్ దేశపు రచయిత సెర్వాంటిస్ 1605లో డాన్ క్విక్సోట్ అనే పెద్దమనిషి కథ అచ్చువేశాడు. ఆయన గాలిమరలను రాక్షసులనుకొని యుద్ధానికి పోయాడు. సాధ్యంకాని ఆదర్శాల వెంట పడేవారిని వర్ణించటానికి ఆ పేరునుంచి ఇంగ్లీషులో ఒక విశేషణమే పుట్టింది. అది నిఘంటువుకెక్కి కూర్చున్నది.

ఇంగ్లీషులో ఇటువంటి పేరుకు ముందు "ఎ" అనే చిన్న మాట చేరుస్తారు. మన తెలుగులో ఆ పని "ఒట్టి", "సాక్షాత్తు", "అపర" అనే మాటలు చేస్తాయి. "వాడొట్టి కుంభకర్ణుడు", "ఆయన సాక్షాత్తు కర్ణుడే" అంటాం. "అపర" సంగతి కొంచెం సేపటిలో చెపుతాను.

ఇటువంటి పేర్లు ఆకాశంనుంచి ఊడిపడవు. ఎవరో ఒక రచయిత, ఏదో ఒక ఊళ్ళో, కాగితం మీద ఒక మనిషిని పుట్టిస్తాడు. ఆ మనిషి పుస్తకం దాటి వీధిలోకి వస్తాడు. అటువంటి మనుషులకు మా గోదావరి సీమ పెట్టింది పేరు. రండి, ఆ ఊళ్ళు ఒకసారి చుట్టి వద్దాం.

ముందు రాజమహేంద్రవరం. ఈ ఊళ్ళో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో జన్మించారు. ఆయన ఇల్లు ఇప్పటికీ చూడవచ్చు. సంఘంలోని దురాచారాలను ఎండగట్టటానికి ఆయన చిన్న చిన్న హాస్య నాటకాలు వ్రాశారు. వాటికి ప్రహసనాలని పేరు. అందులో ఒకదానికి ఆయన పెట్టిన పేరు "బ్రాహ్మ వివాహము". జనానికి ఆ పేరు నోరు తిరగలేదో ఏమో, దానిని "పెద్దయ్యగారి పెళ్లి" అని పిలుచుకున్నారు. చూశారా? గ్రంథకర్త పెట్టిన పేరు పక్కకు పోయింది. పాత్ర పేరు నిలిచింది. జనానికి సిద్ధాంతం కన్న మనిషి తొందరగా గుర్తుంటాడు.

ఇక్కడినుంచి నాలుగైదు మైళ్ళు నది వెంట దిగువకు పోతే ధవళేశ్వరం వస్తుంది. గోదావరి ఇక్కడే గౌతమి అనీ, వసిష్ఠ అనీ రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. ఆ రెంటినుంచి మళ్ళీ పాయలు చీలి సముద్రంలో కలుస్తాయి. ఈ పాయల మధ్యా, పక్కలా ఉన్న నేలే డెల్టా. 1847లో సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ఇక్కడ ఆనకట్ట పని ప్రారంభించాడు. 1852లో అది పూర్తి అయింది. అంతకుముందు వరదలతోనూ, కరువులతోనూ చితికిపోయిన నేలకు కాలువల నీళ్ళు వచ్చాయి. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బారేజీ ఉన్నది. దానికీ కాటన్ పేరే.

ఇప్పుడు "అపర" మాట చెపుతాను. మా రైతులు కాటన్ దొరను "అపర భగీరథుడు" అంటారు. భగీరథుడు తపస్సు చేసి గంగను భూమికి దింపాడు కదా! నీళ్ళు తెచ్చిన ఈయన రెండవ భగీరథుడన్న మాట. ఎక్కడో ఇంగ్లండు దేశపు మనిషికి మన పురాణంలోని పేరు పెట్టి, మా వాళ్ళు ఆయనను మనలో కలిపేసుకున్నారు. డెల్టాలో ఎన్నో ఊళ్ళలో ఆయన విగ్రహం ఉన్నది. కథలోని పేరు నిందకే కాదు, కృతజ్ఞతకు కూడా పనికివస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

ధవళేశ్వరంలో మరి ఇద్దరిని తలుచుకోవాలి. ఒకరు రాజశేఖరుడు. వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రములో నాయకుడు. 1880లో పుస్తకంగా వచ్చిన ఆ నవల కథ ఈ ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. రాజశేఖరుడు మంచివాడు. కాని ముఖస్తుతి చేసేవారిని నమ్మాడు. బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మాడు. ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. రెండవవాడు బుడుగు. ఈ ఊళ్ళో 1931లో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు వ్రాయగా, నరసాపురంలో 1933లో పుట్టిన బాపుగారు బొమ్మ వేయగా, 1950ల దశకంలో పత్రికలో ప్రత్యక్షమైన అల్లరి పిల్లవాడు.

మీ ఇంట్లో చిన్నవాడు పెద్దవాళ్ళ మాటలు వల్లించి అందరినీ తికమకపెడితే "వీడు ఒట్టి బుడుగు" అంటారు. కాని మోసపోయినవాణ్ణి "రాజశేఖరుడు" అనగా నేను ఎన్నడూ వినలేదు. ఎందుచేత? ఆలోచించండి. బుడుగు అనగానే ఒక్క గుణం, ఒక్క బొమ్మ కళ్ళకు కడతాయి. రాజశేఖరుడిలో మంచీ ఉన్నది, తెలివితక్కువతనమూ ఉన్నది, కష్టమూ ఉన్నది. అన్నీ కలిసిన మనిషిని ఒక్క మాటలో బిగించటం సాధ్యం కాదు. అంటే మారుపేరుగా నిలవటానికి ఒక్క గుణం ఉంటే చాలునన్న మాట, మిగిలినవి అడ్డం. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. ముందు పనికివస్తుంది.

ఇప్పుడు రాజమహేంద్రవరం తిరిగివచ్చి రైలు ఎక్కుదాం. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్ళు నడిచాయి. ఇప్పుడు పక్కనున్న వేరే వంతెనల మీదుగా పోతున్నాయి. అవతలి గట్టు కొవ్వూరు. ఆ తరువాత నిడదవోలు. అక్కడ ప్రధాన మార్గం విడిచి తణుకు, అత్తిలి, భీమవరం మీదుగా నరసాపురం పోయే రైలు పట్టుకోవాలి. కిటికీలోనుంచి చూస్తే వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, దారి పొడుగునా కాలువలు.

తణుకు సమీపంలోని ఖండవల్లి గ్రామంలో 1867లో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు పుట్టారు. ఆయనది వీరవాసరం; భీమవరం దాటిన తరువాత ఆ స్టేషను వస్తుంది. ఆయన గణపతి అనే నవల వ్రాశారు. అందులో గణపతి పేదింటి పిల్లవాడు. చదువు అబ్బలేదు, అల్లరి మాత్రం బాగా అబ్బింది. తిండి ధ్యాస ఎక్కువ. ఈ కథ రేడియో నాటకంగా కూడా వచ్చి తెలుగువారిని కడుపుబ్బ నవ్వించింది. ఒకప్పుడు బడిలో పాఠం రాని అల్లరివాణ్ణి "గణపతి" అంటే అందరికీ తెలిసేది. పుస్తకం చదివినవారికి మాత్రం నవ్వుతోపాటు మరొకటి కూడా తగులుతుంది. ఆ ఇంటి లేమి చూసి గుండె బరువెక్కుతుంది.

గణపతిని సృష్టించిన ఆయనకు కూడా మారుపేరు ఉన్నది సుమా! చిలకమర్తివారికి చిన్నతనం నుంచీ చూపు మందం. పెద్దయిన తరువాత పూర్తిగా పోయింది. అయినా వ్రాయటం మానలేదు; తాను చెపుతుంటే ఇతరులు వ్రాసేవారు. ఇంగ్లండులో మిల్టన్ మహాకవి కూడా చూపు పోయిన తరువాతనే చెప్పి వ్రాయించి గొప్ప కావ్యం ముగించాడు. అందుచేత చిలకమర్తివారిని "ఆంధ్ర మిల్టన్" అన్నారు. చూపు లేదన్న సంగతి కన్న, చూపు లేకుండా చేసిన పని ఆ బిరుదులో కనిపిస్తుంది. పేరు పెట్టటంలో ఉన్న మర్యాద అది.

ఈ కాలువలు చూస్తుంటే ఒక విద్యార్థి జ్ఞాపకం వస్తున్నాడు. నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక ఊళ్ళో, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రెండవ పీరియడుకే బల్లమీద తలవాల్చేవాడు. తోటివాళ్ళు వాడికి "కుంభకర్ణుడు" అని పేరు పెట్టారు. వాడు బళ్ళోకి వస్తుంటే గురక పెట్టినట్టు శబ్దం చేసేవారు. హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు రాగానే ఎవడో ఒకడు ఆవులించేవాడు. వాడు తలవంచుకొని "ఆయ్" అనేవాడు. కొన్నాళ్ళకు బడికి రావటం తగ్గించాడు.

ఒకనాడు నేను వాణ్ణి నా గదికి పిలిచి, "ఏరా అబ్బాయీ, రాత్రిళ్ళు నిద్ర పట్టటం లేదా?" అని అడిగాను.

"పడుతుందండి. పడుకోటానికే కుదరదండి. రాత్రి నీళ్ళ వంతు మాదండి," అన్నాడు వాడు.

మీకు తెలియకపోవచ్చు, చెపుతాను. దాళ్వా పంట కాలంలో కాలువలో నీరు తక్కువ. చివరి పొలాలకు చేరేసరికి సన్నటి ధార అవుతుంది. అప్పుడు వంతులు వేసుకుంటారు. వంతు అర్ధరాత్రి వచ్చినా పోవలసిందే. వాడి తండ్రికి జబ్బు చేసి ఉన్నది. అందుకని ఈ పిల్లవాడు చేతిలో లాంతరు పట్టుకొని బోదె గట్టున కూర్చొని, నీళ్ళు పక్క చేలోకి మళ్ళిపోకుండా తెల్లవార్లూ కాపలా కాసేవాడు.

మరునాడు నేను ఆ తరగతికి వెళ్ళి కుంభకర్ణుడి కథ చెప్పాను. సగం కాదు, మొత్తం. కుంభకర్ణుడు నిద్రపోయాడు, నిజమే. కాని లేచిన తరువాత ఏం చేశాడు? సీతను ఎత్తుకొని రావటం తప్పని అన్నగారి మొహాన చెప్పాడు. లంకలో రావణుడి ఎదుట ఆ మాట అనగలవారు ఎందరు? చెప్పి, అన్న కోసమే యుద్ధానికి పోయి ప్రాణం విడిచాడు. లోకం నిద్రను గుర్తుపెట్టుకున్నది; హితం చెప్పిన సంగతి మరిచిపోయింది. ఆ తరువాత వాడి రాత్రి కాపలా సంగతి కూడా, వాడి అనుమతితోనే, చెప్పాను.

తరగతి నిశ్శబ్దమైపోయింది. కొంచెం సేపటికి వెనక బల్లనుంచి ఒకడు లేచి, "అయితే వీడు కుంభకర్ణుడు కాదు మేస్టారూ, భగీరథుడు!" అన్నాడు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం నవ్వలేదు. "నా పేరుతో పిలిస్తే చాలండి," అన్నాడు. పన్నెండేళ్ళు నిండీ నిండని ఆ పిల్లవాడి మాట, నేను శిక్షణ కళాశాలలో చదివిన ఏ పాఠానికీ తీసిపోదు.

సరే, రైలు పాలకొల్లు దాటి నరసాపురం చేరింది. ఇక్కడినుంచి మొగల్తూరు దగ్గరే. తెలుగువారి బారిష్టరు పార్వతీశం ఊరు ఇదే! మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1920ల దశకంలో ఆ నవల మొదటి భాగం వెలువరించారు. పార్వతీశం ఈ పల్లెనుంచి బయలుదేరి బారిష్టరు చదువుకని సీమకు పోతాడు. రైలూ కొత్తే, ఓడా కొత్తే, కత్తీ ముల్లూ పట్టి తినటమూ కొత్తే. దొరసానులు పెట్టుకొనే టోపీ అని తెలియక, అదొకటి కొని ధరిస్తాడు. ఈనాటికీ కొత్త చోట దిక్కులు చూసేవాణ్ణి "బారిష్టరు పార్వతీశం" అని ఆటపట్టిస్తారు.

కాని ఆ పేరు పెట్టేవారు ఒక సంగతి మరిచిపోతారు. అన్ని అవమానాలు పడ్డ పార్వతీశం వెనక్కి పారిపోయి రాలేదు. పరదేశంలో నిలిచి, చదివి, బారిష్టరు అయే తిరిగివచ్చాడు. కథ చెప్పిన మొక్కపాటివారు కూడా ఎడింబరో నగరానికి వెళ్ళి వ్యవసాయశాస్త్రం చదివివచ్చినవారే. కొత్త చోట మొదటి రోజున ఎవరైనా పార్వతీశమే. రేపు మీరు పై చదువులకు పెద్ద పట్నం పోయినప్పుడు, మిమ్మల్ని ఎవరైనా అలా అంటే కించపడకండి. కథ చివరిదాకా చదివినవారికి అది దీవెన.

ఇదే సంగతి ఇంగ్లీషు స్క్రూజ్‌కు కూడా జరిగింది. కథ ముగిసేసరికి అతను మనసు మార్చుకొని, తన గుమాస్తా కుటుంబాన్ని ఆదుకొన్న దయామయుడు. అయినా లోకం అతని పేరును పిసినారితనానికే అంటగట్టింది. నారదుడి గతి కూడా అంతే. వాల్మీకికి రామకథ చెప్పినవాడూ, ధ్రువుడికి మంత్రం ఉపదేశించినవాడూ ఆయనే. కాని మన వీధిలో ఆయనకు మిగిలింది తగవులు పెట్టే పని.

ఇంకొక్క చోటు చూసి ప్రయాణం ముగిద్దాం. నరసాపురం రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కడినుంచి కోనసీమలో రాజోలు, అమలాపురం మీదుగా పోయి, యానాం దగ్గర గౌతమి వంతెన దాటితే కాకినాడ దారి. కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో 1924లో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు సూర్యకాంతం. పెరిగి గొప్ప సినిమా నటి అయింది. గయ్యాళి అత్తగా ఆమె నటిస్తే ప్రేక్షకులు నిజమని హడలిపోయేవారు. 1962లో వచ్చిన గుండమ్మ కథలో గుండమ్మ ఆమే.

ఇక్కడ ఒక వింత జరిగింది. ఇంతవరకు మనం చూసింది కథలోని పేరు మనిషికి అంటటం. ఇక్కడ కథలోని గుణం నటించిన మనిషి పేరుకే అంటింది. గయ్యాళి అత్తను "గుండమ్మ" అనటమే కాక, "సూర్యకాంతం" అనటం కూడా మొదలుపెట్టారు. అంత చక్కని పేరు ఆడపిల్లకు పెట్టటానికి తల్లిదండ్రులు జంకేవారని చెప్పుకొంటారు. మరి ఆమె స్వభావం? ఇంటినుంచి వంటలు తెచ్చి తోటివారికి ఆప్యాయంగా వడ్డించేదని ఆమెతో నటించినవారు చెప్పారు. ఆమె 1994లో మరణించింది. ఇప్పటికీ ఆ పేరు వింటే అత్తగారే గుర్తువస్తుంది. ఆమె నటనకు అది గెలుపే. కాని ఒక పేరుకు ఎంత అన్యాయమో చూడండి!

పిల్లలూ, ఈ మారుపేర్లు వాడవద్దని నేను చెప్పటం లేదు. అవి మన భాషకు ఉప్పూ కారమూ వంటివి. "భగీరథ ప్రయత్నం", "భీష్మ ప్రతిజ్ఞ", "కుంభకర్ణ నిద్ర" అన్న మాటలు తీసేస్తే తెలుగు చప్పబడిపోతుంది. కాని ఉప్పు ఎంత వేయాలో వంట చేసేవారికి తెలియాలి కదా? ఎవరికైనా ఒక పేరు తగిలించేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి: ఆ పేరుగలవాడి కథ నేను చివరిదాకా చదివానా? రెండు: ఈ మనిషి కథ నాకు పూర్తిగా తెలుసా? మూడు: ఆ పేరు విని అతను కూడా మనతో కలిసి నవ్వుతాడా? మూడింటికీ "ఆయ్" అని జవాబు వస్తే నిక్షేపంగా పిలవండి. ఒక్కటి తప్పినా, అతని తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండనే ఉన్నది.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లోనూ, వీధిలోనూ పెద్దలు వాడే ఇటువంటి పేర్లు ఒక పుస్తకంలో వ్రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా అది ఏ కథలోదో వ్రాయండి. దాని కింద, ఆ పాత్రలో లోకం మరిచిపోయిన మంచి గుణం ఒకటి వెతికి వ్రాయండి. అది దొరకాలంటే ఆ పుస్తకం తెచ్చి చదవక తప్పదు. చదవండి మరి!